తపాలా బిళ్లల వారసత్వం

సేకరణ మానవునికి సహజమైన ప్రవృత్తి. ధాన్యాన్ని గాదెలో నింపుకోవడం అవసరం. గవ్వలను, నాణేలను, తపాలా బిళ్లలను పోగుచేసుకోవడం అభిరుచి. అభిరుచి వ్యక్తితో పుట్టి సాధారణంగా వ్యక్తితోనే ముగుస్తుంది. అతడు కూడబెట్టిన వస్తువులు మాత్రం ముగియవు, ఇంట్లోనే మిగిలిపోతాయి. తండ్రి నలభై ఏళ్లపాటు కూర్చిన తపాలా బిళ్లల ఆల్బమ్ ఆయన అనంతరం బిడ్డల చేతికి వచ్చినప్పుడు వారికి నిజంగా సంక్రమించినది ఏమిటి? ఇల్లు, పొలం, బంగారం వంటివాటి ఉపయోగం ఎవరూ చెప్పనక్కరలేదు. ఆల్బమ్ సంగతి అటువంటిది కాదు. బిళ్లలు చేతికి వస్తాయి. వాటిని ఆ వరుసలో అమర్చిన చూపు మాత్రం తనంత తానుగా రాదు. దానిని వారసులు ఆల్బమ్‌ను చదివి తెలుసుకోవలసి ఉంటుంది. చదవకముందే చేయి వేస్తే కలిగే నష్టం తిరిగి పూడ్చలేనిది.

తపాలా అనే మాట మనకు మరాఠీలోని ‘టపాల్’కు చుట్టం. కన్నడిగులు తపాలాను ‘అంచె’ అంటారు. ఆ మాట తెలుగులోనూ ఉంది. ఉత్తరాల సంచిని ఒకడు కొంత దూరం మోసి, అక్కడ వేచి ఉన్న మరొకడికి అందించే మజిలీయే అంచె. నేడు మనం ‘అంచెలంచెలుగా’ అని వాడుతున్నామంటే ఆ మాటలో పాత తపాలా మోత ఇంకా వినిపిస్తున్నదన్నమాట. తపాలా బిళ్ల వయసు అంతకంటే చాలా తక్కువ. రోలండ్ హిల్ సంస్కరణల ఫలితంగా బ్రిటన్‌లో 1840 మే 6 నుంచి చెల్లుబాటైన ‘పెన్నీ బ్లాక్’ ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ల. అంతకుముందు ఉత్తరం అందుకున్నవారే ఎక్కువగా రుసుము చెల్లించేవారు. బిళ్ల వచ్చాక పంపేవారు ముందే చెల్లించే పద్ధతి స్థిరపడింది. బిళ్లల సేకరణకు ‘ఫిలాటెలీ’ అనే పేరును 1864లో జార్జ్ ఎర్పాన్ అనే ఫ్రెంచి సేకర్త గ్రీకు మాటలను కలిపి కల్పించాడు. అందుకునేవారు మళ్లీ పన్ను కట్టనక్కరలేకపోవడం పట్ల ప్రీతి అని ఆ పదానికి ఇంచుమించుగా అర్థం. ఇంత చిన్న కాగితపు ముక్కకు అంత బరువైన పేరు ఎందుకని అనిపించవచ్చు గాని, పేరు నిలిచిపోయింది.

తల్లిదండ్రుల సేకరణను బిడ్డలు కొనసాగించడానికి చక్కని ఉదాహరణ బ్రిటిష్ రాజకుటుంబంలో కనిపిస్తుంది. విక్టోరియా రాణి కుమారులలో ఒకరైన ఆల్ఫ్రెడ్‌కు బిళ్లలపై ఆసక్తి ఉండేది. ఆయన సేకరణను అన్నగారైన ఎడ్వర్డ్ కొని, తన కుమారుడు జార్జికి ఇచ్చాడు. తరువాతి కాలంలో ఐదవ జార్జి చక్రవర్తిగా రాజ్యమేలినది ఈయనే. నౌకాదళంలో పనిచేసిన యువకుడుగా మొదలైన ఆయన అభిరుచి క్రమంగా పాండిత్యంగా మారింది. 1904లో, ఇంకా యువరాజుగా ఉన్నప్పుడు, మారిషస్ దీవి 1847లో వెలువరించిన రెండు పెన్నీల నీలి బిళ్లను ఆయన 1,450 పౌండ్లకు వేలంలో కొన్నాడు. ఆ రోజులలో ఒక్క బిళ్లకు అంత ధర అపూర్వం. ఎవరో మూర్ఖుడు ఒక బిళ్లకు అంత సొమ్ము పోశాడట, విన్నారా అని ఒక ఆస్థానోద్యోగి ఆయననే అడిగాడనీ, ఆ మూర్ఖుడిని నేనేనని యువరాజు బదులిచ్చాడనీ ఒక కథ నేటికీ సేకర్తల మధ్య ప్రచారంలో ఉంది.

1936లో ఐదవ జార్జి మరణించేనాటికి ఆ సేకరణ 328 ఎర్రని సంపుటాలుగా పెరిగింది. ఒక్కొక్క సంపుటంలో సుమారు 60 పుటలు. అన్ని దేశాల బిళ్లలనూ కూడబెట్టే ఆశకు పోకుండా బ్రిటన్, దాని సామ్రాజ్యంలోని దేశాల బిళ్లలకే ఆయన పరిమితమయ్యాడు. 1913 నుంచి ఎడ్వర్డ్ డెన్నీ బేకన్ అనే నిపుణుడు ఆ సేకరణకు సంరక్షకుడుగా పనిచేశాడు. రాజు మరణించిన తరువాత కూడా 1938 వరకు ఆయన అదే బాధ్యతలో ఉన్నాడు. సేకర్త మారినా సేకరణ గురించి తెలిసిన మనిషి వెంటనే మారలేదు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. నిజానికి ఆ సేకరణ చెదరకుండా నిలవడానికి ఉన్న కారణాలలో దీనికి పెద్ద స్థానమే ఇవ్వాలి.

ఐదవ జార్జి కుమారుడు ఆరవ జార్జి తండ్రి ఎర్రని సంపుటాలను తీసుకొని వాటిలోనే కొత్త బిళ్లలను చేర్చుకుంటూ పోలేదు. తన కాలపు బిళ్లలకు నీలి రంగు సంపుటాలు ప్రారంభించాడు. 1952లో సింహాసనమెక్కిన ఆయన కుమార్తె రెండవ ఎలిజబెత్ తన కాలానికి ఆకుపచ్చ సంపుటాలు ఏర్పరచింది. ఎర్ర, నీలి, ఆకుపచ్చ రంగులను చూడగానే ఏ తరం ఎక్కడ ఆగిందో, ఏ తరం ఎక్కడ అందుకుందో తెలిసిపోతుంది. తాత చేసిన పని మనుమరాలి పనిలో కలిసి కనుమరుగు కాలేదు. మనుమరాలి పని తాత పేరు చాటున దాగిపోనూ లేదు. మూడు తరాల సేకరణ ఒకటిగానే ఉన్నా, మూడు చేతులూ వేర్వేరుగా కనబడుతున్నాయి. 2022లో రాణి మరణానంతరం ఆ సేకరణ ఆమె కుమారుడు మూడవ చార్లెస్‌కు సంక్రమించింది.

ఆ కుటుంబ చరిత్రలోనే మరొక సంఘటన గమనింపదగినది. పెన్నీ బ్లాక్ చెల్లుబాటైన మొదటి రోజైన 1840 మే 6 నాటి ముద్రతో, పది పెన్నీ బ్లాక్‌లు అంటించిన కవరు ఒకటి ఉంది. స్కాట్లండ్‌లోని కర్కూబ్రి పట్టణం పేరుతో అది ప్రసిద్ధం. 2001లో దానిని రాణి సేకరణ కోసం 2,50,000 పౌండ్లకు కొన్నారు. ఆ సొమ్ము కోసం సేకరణలో ఒకటికి మించి ఉన్న కొన్ని బిళ్లలను అమ్మారు. పూర్వులు కూడబెట్టిన దానిలో ఒక్క బిళ్లను కూడా అమ్మరాదనే నియమం ఆ ఇంట లేదు. రెండవ ప్రతిని విడిచి, లేని దానిని తెచ్చుకోవడం కొనసాగించడంలో భాగమే. అమ్మకం అనగానే అపచారమని భావించే వారసులు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవచ్చు.

అన్ని సేకరణలకూ ఇటువంటి అదృష్టం లేదు. పారిస్‌లో నివసించిన ఫిలిప్ ఫెరారీ అనే అపర కుబేరుడు తన కాలంలో కెల్లా గొప్ప సేకరణను నిర్మించాడు. 1917లో మరణించిన ఆయన దానిని బెర్లిన్ తపాలా ప్రదర్శనశాలకు రాసి ఇచ్చాడు. అది మొదటి ప్రపంచ యుద్ధకాలం. శత్రుదేశానికి చెందవలసిన ఆస్తి అనే కారణంతో ఫ్రెంచి ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొని, 1921 నుంచి 1925 వరకు పద్నాలుగు విడతలుగా వేలం వేసింది. ఒక మనిషి జీవితకాలపు క్రమం పద్నాలుగు వేలాలలో చెల్లాచెదురైంది. అందులోనే 1856 నాటి బ్రిటిష్ గయానా ఒక సెంటు ఎర్ర బిళ్ల కూడా ఉంది. ప్రపంచంలో ఒక్కటే మిగిలిన ఆ బిళ్లను 1873లో పన్నెండేళ్ల బాలుడు ఒకడు ఇంటిలోని పాత ఉత్తరాలలో కనుగొని ఆరు షిల్లింగులకు అమ్మాడు. 2014లో అదే బిళ్ల న్యూయార్క్ వేలంలో సుమారు 95 లక్షల డాలర్లు పలికింది. 2021లో మళ్లీ వేలానికి వచ్చినప్పుడు ధర సుమారు 83 లక్షల డాలర్లకు తగ్గింది. ధర పెరగడమే గాక తగ్గడం కూడా ఉంటుందని ఇటువంటి వార్తలు చదివేవారు సాధారణంగా గమనించరు.

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ కథ మరొక రకం. ఆయన సేకరణకు మూలం తల్లి సారా చిన్ననాడు కూర్చిన బిళ్లలు. ఎనిమిదేళ్ల వయసులో మొదలుపెట్టి, అధ్యక్ష పదవిలో ఉండగా కూడా ఆయన ఆ అలవాటును విడువలేదు. 1945లో ఆయన మరణించగా, 1946లో ఆ సేకరణ న్యూయార్క్‌లో వేలమైంది. ఇది రూజ్వెల్ట్ సేకరణలోనిది అని తెలిపే ముద్రను పుటల వెనుక వేసి అమ్మారు. సేకరణ విడిపోయినా ఏ ముక్క ఎక్కడిదో చెప్పే జాడ మిగిలింది. అమ్మక తప్పనప్పుడు అమ్మడంలో కూడా ఒక మర్యాద ఉంటుందని ఆ చిన్న ముద్ర వల్ల తెలుస్తుంది.

రాజులు, అధ్యక్షులు, కుబేరులు అటుంచి మన ఇళ్ల సంగతి చూద్దాం. మన ఇళ్లలో తండ్రి సేకరణ తరచుగా అటక మీది ట్రంకు పెట్టెలో దొరుకుతుంది. అచ్చయిన గళ్లున్న ఆల్బమ్ ఒకటి, నల్లని అట్టల స్టాక్‌బుక్కులు రెండు, మైదా జిగురుతో బిళ్లలు అంటించిన పాత నోటుపుస్తకం, రబ్బరు బ్యాండు కట్టిన కవర్ల కట్ట, ఇంకా విడదీయని బిళ్లలున్న తగరపు డబ్బా. చూసేవారికి ఇదంతా గజిబిజిగా తోస్తుంది. వెంటనే కలిగే కోరిక సర్దాలని. సరిగ్గా ఇక్కడే ప్రమాదం ఉంది.

తాళపత్ర గ్రంథాలతో పరిచయమున్నవారికి ఈ ప్రమాదం బాగా తెలుసు. ఆకులకు చిల్లులు వేసి, దారంతో గుదిగుచ్చి, పైన క్రింద చెక్కలు పెట్టి కట్టేవారు. దారం తెగి ఆకులు కలిసిపోతే, ఆకుల మీద అంకెలున్నా సరే, తిరిగి కూర్చడానికి పండితులు నెలల తరబడి శ్రమించవలసి వచ్చేది. అంకెలు లేని చోట కావ్యమే అసంపూర్ణమయ్యేది. తండ్రి స్టాక్‌బుక్కులోని వరుస కూడా అటువంటి దారమే. ఆయన బిళ్లలను దేశాల వారీగా పెట్టాడా, కాలక్రమంలో పెట్టాడా, పక్షులు, వంతెనలు, కవులు అని విషయాల వారీగా పెట్టాడా? ఒకే దేశపు బిళ్లలు రెండు చోట్ల ఉంటే, అది పొరపాటా లేక ఒకటి మార్పిడికి ఉంచిన భాగమా? మొదట చేయవలసిన పని ఉన్నది ఉన్నట్లుగా ప్రతి పుటను ఛాయాచిత్రం తీసి, పుటలకు పెన్సిల్‌తో సంఖ్య వేయడం. తండ్రి ఆల్బమ్‌లో బిళ్లల క్రింద రాసిన మాటలు, ధరలు, తేదీలు, చివరకు కొట్టివేతలు కూడా ఆ చిత్రాలలో పడాలి. ఆ తరువాతే ఒక బిళ్లను కదిలించాలి.

ఆల్బమ్‌లోని ఖాళీ గళ్లకు కూడా అర్థముంటుంది. ఒక శ్రేణిలో అన్ని బిళ్లలూ ఉండి ఒక్క గడి ఖాళీగా ఉంటే, ఆ బిళ్ల కోసం ఆయన వెతికాడన్నమాట. 1948 ఆగస్టు 15న వెలువడిన గాంధీ బిళ్లలు నాలుగు: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. మధ్యతరగతి ఇళ్లలోని ఆల్బములలో మొదటి మూడు ఉండి, నాలుగవ గడి ఖాళీగా ఉండడం అరుదేమీ కాదు. ఆ రోజులలో పది రూపాయలు పెట్టి ఒక తపాలా బిళ్ల కొనడం చిన్న ఉద్యోగికి సాధ్యమయ్యే పని కాదు. ఆ ఖాళీ గడి ఆ ఇంటి ఆర్థిక చరిత్ర. వారసుడు నేడు దానిని కొని నింపవచ్చు, తప్పు లేదు. కాని తాను ఏ సంవత్సరంలో నింపాడో ప్రక్కన రాయాలి. లేకుంటే ఆ తండ్రి 1948లోనే పది రూపాయల బిళ్ల కొనగలిగాడని తరువాతివారు పొరబడతారు. పైగా ఆ బిళ్లకు నకిలీలు ఉన్నాయి. నిపుణుల ధ్రువీకరణ లేకుండా కొనడం వివేకం కాదు.

ఇక కవర్ల కట్ట. వారసుల చేతిలో ఎక్కువగా నష్టపోయేది ఇదే. బిళ్లే విలువైనది, కవరు చెత్త అనే భావంతో బిళ్లలను కత్తిరించి, నీటిలో నానబెట్టి తీసి, కవర్లను పారవేసేవారు ఇప్పటికీ ఉన్నారు. ఒక ఉదాహరణ వల్ల ఇందులోని నష్టం స్పష్టమవుతుంది. హైదరాబాదు సంస్థానానికి 1869 నుంచి సొంత తపాలా బిళ్లలు ఉండేవి. అవి సంస్థానంలోనే చెల్లేవి. 1871 నాటి శ్రేణిలో బిళ్ల విలువను ఇంగ్లీషు, పారశీక లిపులతో పాటు తెలుగు, మరాఠీ లిపులలో కూడా ముద్రించారు. అంటే తపాలా బిళ్ల మీద తెలుగు అక్షరాలు కనిపించి ఒకటిన్నర శతాబ్దం దాటింది. 1931 శ్రేణిలో ఒక అణా బిళ్ల మీద చార్‌మినార్, రెండు అణాల మీద హైకోర్టు, నాలుగు అణాల మీద ఉస్మాన్ సాగర్, ఎనిమిది అణాల మీద అజంతా గుహల ప్రవేశం కనిపిస్తాయి. 1937లో ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఉస్మానియా ఆసుపత్రి బిళ్లలపైకి వచ్చాయి. 1947–49 మధ్య వచ్చిన వాటిలో మూడు అణాల బిళ్లపై ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం, ఆరు అణాల బిళ్లపై గోలకొండ కోట ఉన్నాయి.

1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. అయినా సంస్థానపు బిళ్లలు వెంటనే పోలేదు. 1950 వరకు వాడుకలో ఉండి, ఆ తరువాత భారత బిళ్లలకు చోటిచ్చాయి. కాబట్టి 1949లో ఒక తెలంగాణ పట్టణం నుంచి మరొక పట్టణానికి వెళ్లిన ఉత్తరం మీద నిజాం నాటి బిళ్ల, దాని మీద స్వతంత్ర భారతకాలపు తేదీ ముద్ర రెండూ కనిపించవచ్చు. ఒక రాజ్యం పోయి మరొక రాజ్యం వచ్చిన నడిమి కాలం ఆ కవరు మీద కళ్లకు కడుతుంది. ఆ బిళ్లను నీటిలో నానబెట్టి తీస్తే మిగిలేది కొద్ది రూపాయల కాగితపు ముక్క. ఊరి పేరు పోతుంది, తేదీలో సగం పోతుంది, ఎవరు ఎవరికి రాశారో ఆ సంగతి పోతుంది.

వెల తక్కువైన బిళ్లలకు కూడా ఈ మాట వర్తిస్తుంది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది శరణార్థులు భారతదేశానికి వచ్చినప్పుడు వారి సహాయార్థం నవంబరు 15 నుంచి ఉత్తరాలకు అదనంగా ఐదు పైసల బిళ్ల అంటించవలసి వచ్చింది. తొలి రోజులలో ప్రత్యేకమైన బిళ్లలు చాలక, అప్పటికే ఉన్న కుటుంబ నియంత్రణ బిళ్ల మీద ‘శరణార్థి సహాయం’ అనే అర్థం గల మాటలను అదనంగా అచ్చువేసి వాడారు. కొన్నిచోట్ల స్థానికంగానే ఆ ముద్ర వేశారు. 1973 మార్చి 31 వరకు ఈ నియమం సాగింది. ఆ కాలపు ఉత్తరాలు దాచుకున్న ఏ ఇంటిలోనైనా ఈ బిళ్ల కనిపిస్తుంది. దీనికి పెద్ద ధర లేదు. కాని ఒక కూలివాడు కుమారుడికి రాసిన ఉత్తరం మీద ఆ ఐదు పైసల బిళ్ల ఉండడం ఒక యుద్ధకాలంలో దేశమంతా చెల్లించిన చందాకు రసీదు వంటిది. కవరు లేకుండా ఆ రసీదు చదవడం కుదరదు.

బిళ్లను చూచి కాలాన్ని గుర్తించే నేర్పు కొంత అవసరం. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేల పద్ధతి వచ్చి అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. 1964లో ‘నయా’ అనే విశేషణం తొలగి పైసలే మిగిలాయి. 1962 వరకు బిళ్లల మీద ‘ఇండియా పోస్టేజ్’ అని ఇంగ్లీషులో ఉండేది. ఆ సంవత్సరం నుంచి నాగరిలో ‘భారత్’, ఇంగ్లీషులో ‘ఇండియా’ కలిసి కనిపించసాగాయి. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తే కొన్ని పాత బిళ్లలలో నక్షత్రాల నీటిముద్ర, మరికొన్నింటిలో అశోక స్తంభపు సింహాల నీటిముద్ర తెలుస్తాయి. బొమ్మ ఒకటే అయినా నీటిముద్ర వేరైతే అవి రెండు వేర్వేరు ముద్రణలు. తండ్రి ఒకే బొమ్మ గల బిళ్లలను రెండు ప్రక్కప్రక్కన పెట్టి ఉంటే, అవి వృథా ప్రతులని తీసివేయడానికి ముందు వాటి వీపు చూడాలి.

భద్రపరచడంలో మన వాతావరణమే మొదటి శత్రువు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాలలో తేమకు బిళ్లల వెనుక జిగురు కరిగి పుటకు అంటుకుంటుంది. బూజు పట్టి గోధుమ రంగు మచ్చలు ఏర్పడతాయి. ఆల్బములను ఒకదానిపై ఒకటి పేర్చకుండా పుస్తకాల వలె నిలువుగా నిలబెట్టాలి. గోడకు ఆనించకుండా, గాలి ఆడే బీరువాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. వర్షాకాలం ముగిశాక నీడలో తెరచి పుటలు తిప్పడం మంచిది. ఎండలో పెట్టరాదు, రంగులు వెలుస్తాయి. చేతి చెమట జిగురును, కాగితాన్ని పాడుచేస్తుంది గనుక మొన బల్లపరుపుగా ఉండే చిన్న పట్టకారుతోనే బిళ్లను తీయాలి. చవకరకం పీవీసీ ప్లాస్టిక్ సంచులలోని రసాయనాలు కాలక్రమేణా బిళ్లలకు హాని చేస్తాయి. శాశ్వతంగా ఉంటాయన్న సదుద్దేశంతో తండ్రి బిళ్లలను లామినేషన్ చేయించిన వారసులు కూడా లేకపోలేదు. అంతకంటే గోరుముద్దలు తినిపించి విషం పెట్టినట్లు మరొకటి ఉండదు. మైదాతో అంటించిన నోటుపుస్తకాన్ని అలాగే ఉంచడమే మేలు. బిళ్లలను ఊడదీయబోతే బిళ్లా పోతుంది, పుస్తకమూ పోతుంది.

తండ్రి రాతలో తప్పులు కనిపిస్తే ఏమి చేయాలి? ఒక ఆఫ్రికా దేశపు బిళ్లను ఆయన మరొక దేశం క్రింద పెట్టి ఉండవచ్చు. సంవత్సరం తప్పు రాసి ఉండవచ్చు. చెరిపివేయడం సులభం. కాని ప్రాచీన కావ్యాల పరిష్కర్తలు ప్రతిలో ఉన్న పాఠాన్ని చెరిపివేయరు. తమకు సరియని తోచిన పాఠాన్ని స్వీకరించి, పాఠాంతరాన్ని అడుగున చూపుతారు. ఆల్బమ్‌లోనూ అదే పద్ధతి యుక్తం. సవరణను వేరొక చీటీ మీద, తేదీతో, తన పేరుతో రాసి ఆ పుటకు జోడిస్తే చాలు. అప్పుడు తండ్రికి తెలిసినదేమిటో, బిడ్డకు తెలిసినదేమిటో రెండూ నిలుస్తాయి.

ధర విషయంలో వారసులకు రెండు రకాల భ్రమలు ఉంటాయి. పాతది గనుక లక్షలు పలుకుతుందనేది ఒకటి. స్వాతంత్ర్యానంతర కాలపు స్మారక బిళ్లలను లక్షల సంఖ్యలో అచ్చువేశారు. దాచుకున్నవారు కూడా ఎందరో ఉన్నారు. అందువల్ల వాటిలో చాలా భాగం నేటికీ స్వల్ప ధరకే దొరుకుతాయి. కేటలాగులో అచ్చయిన ధరకు, వర్తకుడు ఇచ్చే ధరకు మధ్య అంతరం కూడా ఎక్కువే. రెండవ భ్రమ, పాత కాగితాలే గదా అని పాత పేపర్లవాడికి తూచి ఇవ్వడం. ‘సర్వీస్’ అని అదనపు ముద్ర ఉన్న 1948 నాటి గాంధీ పది రూపాయల బిళ్లలు నాలుగు కలిసి ఉన్న గుంపు 2017లో 5 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. అటువంటిది ప్రతి ట్రంకు పెట్టెలో ఉండదు. కాని ఉన్నదేమిటో చూడకుండా తూకానికి వేసేవారికి అది ఉన్నా లేనట్లే.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న ఇంట పంపకం మరింత చిక్కు. పొలాన్ని గట్లు వేసి పంచుకోవచ్చు. ఆల్బమ్‌ను తలా కొన్ని పుటలని పంచుకుంటే ఎవరికీ ఏమీ దక్కదు. హైదరాబాదు సంస్థానం ఒకరికి, స్వతంత్ర భారతం మరొకరికి, విదేశాలు ఇంకొకరికి అని అధ్యాయాలుగా విడదీస్తే ప్రతి భాగమూ తనలో తాను పూర్తిగా ఉంటుంది. అంతకంటే ఉత్తమం, ఆసక్తి ఉన్న ఒకరికి మొత్తం ఇచ్చి, మిగిలినవారికి పుటల చిత్రాల ప్రతిని, ఇంటి ఉత్తరాల కవర్లలో ఒక్కొక్కటిని ఇవ్వడం. ఎవరికీ ఆసక్తి లేకపోవడమూ నేరం కాదు. తండ్రి అభిరుచి బిడ్డకు రుణం కాజాలదు. అటువంటప్పుడు పట్టికతో సహా విజ్ఞుడైన మరొక సేకర్తకు అప్పగించడం, అటక మీద చెదలకు అప్పగించడం కంటే వేయి రెట్లు గౌరవప్రదం.

కొనసాగించదలచుకున్న బిడ్డ ముందు ఒక కష్టమైన నిర్ణయం ఉంటుంది. తండ్రి కాలంలో ఉత్తరాలు ఇంటికే వచ్చేవి. బిళ్లలు వాటంతట అవే వచ్చి పడేవి. కలం స్నేహితులు దేశదేశాల నుంచి మార్పిడి చేసుకునేవారు. నేడు ఇంటికి వచ్చే కవర్లలో అధిక భాగం మీద బిళ్లే ఉండదు. కంప్యూటర్ ముద్రించిన చీటీ ఉంటుంది. కొత్త బిళ్లలను పెద్ద తపాలా కార్యాలయాలలోని ఫిలాటెలీ విభాగాలలో అడిగి కొనుక్కోవాలి. సేకరణ స్వభావమే మారింది. యాదృచ్ఛికంగా లభించేది ఎంచుకొని కొనేదిగా మారింది. కాబట్టి తండ్రి వలె అన్నిటినీ పోగుచేయడం కంటే, ఆయన ఆల్బమ్‌లో ఉన్న పోగులలో ఒకదానిని పట్టుకొని ముందుకు సాగడం తెలివైన మార్గం.

ఉదాహరణకు, తండ్రి పుటలలో 1961 నాటి త్యాగరాజు బిళ్ల, 1972 నాటి వేమన, టంగుటూరి ప్రకాశం బిళ్లలు, 1974 నాటి కందుకూరి వీరేశలింగం బిళ్ల, 1975లో హైదరాబాదులో జరిగిన ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభల బిళ్ల వేర్వేరు చోట్ల ఉన్నాయనుకుందాం. వాటిని అక్కడి నుంచి ఊడదీయనక్కరలేదు. వాటి పుటల సంఖ్యలను రాసుకొని, వేరొక కొత్త ఆల్బమ్‌లో 1986 నాటి అల్లూరి సీతారామరాజు, 2000 నాటి పొట్టి శ్రీరాములు, 2003 నాటి ఘంటసాల బిళ్లలతో ఆ వరుసను కొనసాగించవచ్చు. ఒక్కొక్క బిళ్లతో పాటు తపాలా శాఖ వెలువరించే సమాచార పత్రాన్ని, వీలైతే మొదటి రోజు కవరును చేర్చవచ్చు. ఆ మహనీయుని ఊరి తపాలా ముద్ర పడిన ఉత్తరం ఒకటి సంపాదించగలిగితే ఆ పుటకు ప్రాణం వస్తుంది. రాజమండ్రి ముద్రతో వీరేశలింగం బిళ్ల ఉన్న కవరు ధరలో పెద్దది కాకపోవచ్చు. దానిని చూచి ఆగనివారు మాత్రం ఉండరు.

కొత్త ఆల్బమ్ తండ్రి ఆల్బమ్ వంటిదే కావలసిన పని లేదు. అట్ట రంగు వేరైతే ఇంకా మంచిది. మొదటి పుటలో బిళ్ల పెట్టకుండా, ఏ తేదీన మొదలైంది, ఎవరి సేకరణ నుంచి అందుకుంది, పాత సంపుటాలు ఎన్ని, వాటి చివరి పుటలో ఏ బిళ్ల ఉంది అనే నాలుగు సంగతులను పెన్సిల్‌తో రాయాలి. కలంతో రాస్తే తేమకు సిరా పుటల గుండా దిగుతుంది.